అద్దె గదిలో మన ఇంటిపేరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పోడు పట్టాల గురించి విన్నాం, జీవో నంబర్ 3 గురించి విన్నాం, మన భాషలు బడిలో చెప్పించడం గురించి విన్నాం. అవన్నీ పెద్ద విషయాలు. నాకిచ్చిన అంశం "నగర జీవితం - సవాళ్ళు" అని కార్డులో అచ్చేశారు. నేను దాన్ని ఒక గదికి కుదిస్తాను. నెల మొదటి తారీఖున తలుపు కొట్టే అద్దె, ఆ గది ఇచ్చే ముందు ఓనరు అడిగే ఒక ప్రశ్న. ఈ రెండిటి గురించే చెప్తాను. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది ఈ జూన్, జూలైలో కొత్తగా ఈ ఊరు వచ్చినవాళ్ళని నాకు తెలుసు.

మాది చర్ల మండలం. కోయ ఊరు. మా ఊళ్ళో అద్దె ఇల్లు అనేది ఎప్పుడూ లేదు. బయట నుంచి వచ్చిన టీచరుగారికి ఒక గది ఇచ్చారు, దానికి కూడా డబ్బులు తీసుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఇల్లు కట్టాలంటే నిట్రాళ్ళు పాతే రోజు ఊరంతా వస్తారు, తాటాకు కప్పే రోజు మళ్ళీ వస్తారు. మనం పెట్టాల్సింది ఆ పూట అన్నం, కల్లు. అలాంటి చోట పుట్టి పెరిగిన పిల్ల భద్రాచలంలో రాత్రి బస్సెక్కి, తెల్లారి ఎంజీబీఎస్‌లో దిగి, నాలుగు గోడలకు నెలకు ఇంత అని కట్టాలంటే ముందు ఆ లెక్కే అర్థం కాదు. మా నాన్న పదకొండేళ్ళ తర్వాత కూడా ఫోన్లో అడుగుతాడు, "ఇంకా కడుతున్నావా ఆ ఇంటికి? ఎప్పుడు తీరుతుంది?" అని. అద్దె తీరేది కాదని ఆయనకు చెప్పడం మానేశాను.

ముందు లెక్క చూద్దాం. మూడు లక్షల ప్యాకేజీ అని ఆఫర్ లెటర్ వస్తుంది. ఊళ్ళో అందరికీ మూడు లక్షలనే చెప్తాం. నెలకు పాతిక వేలు అనుకుంటాం. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కలిపే రాస్తారు, ఆ తర్వాత మన పీఎఫ్ వాటా, వృత్తి పన్ను 200 కోస్తారు. చేతికి వచ్చేది 21 వేల దగ్గర ఆగుతుంది. ఇంటికి ఐదు వేలు పంపుతానని మాట ఇచ్చి వచ్చాం కాబట్టి మిగిలింది పదహారు వేలు. మొదటి జీతం చేతికొచ్చేది నెల పనిచేశాక, కొన్ని చోట్ల నలభై ఐదు రోజులకు. అంటే మొదటి రెండు అద్దెలు జీతం లేకుండానే కట్టాలి. దీన్ని ఎవరూ ముందు చెప్పరు. వచ్చేటప్పుడు మీ వెంట ఉండాల్సిన డబ్బు ఎంత అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, రెండు నెలలు ఉద్యోగం లేనట్టు లెక్కేసుకుని రండి.

ఇక ఎక్కడ ఉండాలి. మాదాపూర్, కొండాపూర్ వైపు షేరింగ్ హాస్టల్లో ముగ్గురో నలుగురో ఉండే గదిలో ఒక మంచానికి భోజనంతో కలిపి ఎనిమిది, తొమ్మిది వేలు అడుగుతున్నారు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లో కొంచెం తక్కువ. అదే బోరబండలోనో మూసాపేటలోనో రెండు గదుల పోర్షన్ పన్నెండు వేలకు దొరికింది అనుకోండి. ముగ్గురు ఉంటే తలకు నాలుగు వేలు. కరెంటు, నీళ్ళు, గ్యాస్ కలిపి ఏడొందలు. సరుకులు రెండున్నర వేలు, ఇంటి నుంచి బియ్యం వస్తే ఇంకా తక్కువ. రానుపోను ఛార్జీలు పదిహేనొందలు. మొత్తం 8,700. చూశారా, హాస్టల్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. నెలవారీ లెక్కలో తేడా లేనప్పుడు ఎవరైనా హాస్టల్లోనే ఉండిపోతారు, గిన్నెలు తోముకునే పని తప్పుతుందని.

తేడా వేరే చోట ఉంది. హాస్టల్లో మీ అమ్మానాన్న వస్తే గేటు దగ్గర నిలబెడతారు. తమ్ముడు గ్రూప్స్ కోచింగ్‌కి వస్తానంటే వాడికి ఇంకో ఎనిమిది వేలు. ఊరి నుంచి ఎవరికైనా ఒంట్లో బాగాలేక పట్నం తీసుకొస్తే దింపడానికి చోటు లేదు. పోర్షన్ ఉంటే చాప వేస్తే సరిపోతుంది. మా రెండు గదుల్లో ఇప్పటివరకు ఎంతమంది పడుకున్నారో లెక్క లేదు, ఒక్కోసారి మేమే మేడ మీదకు వెళ్ళి పడుకున్న రోజులున్నాయి.

మరి పోర్షన్ ఎందుకు తీసుకోలేకపోతున్నారు? ముందు పెట్టాల్సిన మొత్తం వల్ల. హాస్టల్‌కి రెండు వేలు డిపాజిట్ కడితే బ్యాగు పెట్టుకోవచ్చు. పోర్షన్‌కి రెండు నెలల అడ్వాన్సు ఇరవై నాలుగు వేలు, మొదటి నెల అద్దె పన్నెండు వేలు. ముప్పై ఆరు వేలు. బ్రోకర్ ద్వారా వెళితే అతనికి సగం నెల నుంచి నెల అద్దె. గ్యాస్ స్టవ్, బకెట్లు, గిన్నెలు వేరే. తలకు పన్నెండు వేలు ఒక్కసారే తీయాలి. డబ్బున్న ఇంటి పిల్లలకు ఆ పన్నెండు వేలు నాన్న ఫోన్‌పే చేస్తాడు. మన నాన్నకు తునికాకు డబ్బులు ఏడాదికోసారి వస్తాయి. నెల అద్దె కట్టగలిగిన మన పిల్లలు కూడా మంచి ఇంట్లోకి వెళ్ళలేకపోయేది ఈ ఒక్క మెట్టు దగ్గరే. చివర్లో దీని గురించి ఒక మాట చెప్తాను.

అడ్వాన్సు విషయం వచ్చింది కాబట్టి, బెంగళూరు వెళ్ళే వాళ్ళు సిద్ధంగా ఉండండి, అక్కడ ఐదారు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు, పది నెలలు అడిగిన రోజులూ ఉన్నాయి. రెండు నెలలకు మించి తీసుకోకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. అందుకని ఓనరు ముందు ఆ చట్టం పేరెత్తి వాదించకండి, ఇల్లు పోతుంది.

వాదించాల్సింది అగ్రిమెంటు కాగితం దగ్గర. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకుంటారు, ఈ ఊళ్ళో అదో అలవాటు. కోస్తారా, ఎంత కోస్తారు అనేది కాగితంలో ముందే రాయించండి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసి ఉందా, విడిగానా. సబ్ మీటరుకి యూనిట్ ఎంత. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండితే ట్యాంకరు డబ్బులు ఎవరివి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపులు ఫోన్లో వీడియో తీసి ఓనరుకే వాట్సాప్‌లో పంపండి. "ఇలా ఉంది ఆంటీ, చూడండి" అని మర్యాదగా. అద్దె చేతికి ఇవ్వకుండా అకౌంట్‌కో యూపీఐకో పంపండి. రేపు ఏదైనా మాట వస్తే అదే మీ రసీదు.

ఇంకొకటి, ఆన్‌లైన్లో ఫొటోలు చూసి ఎవడికీ టోకెన్ అడ్వాన్సు పంపకండి. మిలిటరీ ఆఫీసరుని, వేరే ఊరికి బదిలీ అయ్యాను, డబ్బు పంపితే తాళాలు పంపిస్తాను అంటాడు. తాళాలు రావు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. అడ్వాన్సు కోసం లోన్ యాప్ మాత్రం వద్దు. ఐదు వేలు అడిగితే మూడు వేలు చేతిలో పెట్టి వారంలో ఐదు వేలు కట్టమంటారు, కట్టకపోతే మీ ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ, మీ ఊరి సర్పంచ్‌తో సహా, మీ ఫొటో పంపుతారు.

ఇల్లు చూసేటప్పుడు మధ్యాహ్నం చూడకండి. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ వీధి నుంచి మీ ఆఫీసుకు ఒకసారి వెళ్ళి చూడండి. మియాపూర్, ఎల్బీనగర్ లైన్లో ఉంటే అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం వైపు వెళ్ళొచ్చు, కానీ స్టేషన్‌కి నడక ఎంత, ఆటో ఎంత అనేది ముఖ్యం. చెల్లెళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, 2023 డిసెంబర్ నుంచి. మెట్రో రైల్లో ఆ సదుపాయం లేదు, పేరు ఒకటే అయినా. తెలంగాణ అడ్రసున్న కార్డు చూపించాలి. చింతూరు, కూనవరం, వీఆర్ పురం చెల్లెళ్ళకు ఇక్కడ చిక్కు. 2014లో మండలాలు ఆంధ్రలో కలిశాయి, భద్రాచలం పక్కనే ఉన్నా కార్డు అటుదే. వాళ్ళు ఛార్జీలు లెక్కలో వేసుకోవాలి. ఉద్యోగం చేసే చెల్లెళ్ళు సఖి నివాస్ అనే వర్కింగ్ విమెన్ హాస్టళ్ళ గురించి కూడా కనుక్కోండి. అక్కడ అద్దె జీతాన్ని బట్టే ఉంటుంది. ఒక్కరి గదికి జీతంలో 15 శాతం, ఇద్దరి గదికి 10 శాతం మించకూడదని నిబంధన. సీట్లు తక్కువ, అందుకే ఉద్యోగం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టాలి.

ఇక ఆ ప్రశ్న.

టూలెట్ బోర్డు చూసి గేటు తీస్తాం. గదులు చూపిస్తారు. నచ్చాయంటాం. అప్పుడు అడుగుతారు, "ఏ ఊరమ్మా?" భద్రాచలం దగ్గర అంటే "ఓ, రాములవారి ఊరు" అని సంతోషిస్తారు. తర్వాత "ఇంటిపేరేంటి?" మడకం అంటే అర్థం కాదు. సోడె, కుంజా, పాయం, ఆత్రం, సిడాం, ఏది చెప్పినా వాళ్ళు విన్న పేర్లలో ఉండదు. అప్పుడు సూటిగా, "అంటే మీరేమిట్లు?" 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో ఎస్టీలు నూటికి ఒకరికి కాస్త పైన. అంటే ఆ ఓనరు మనల్ని ఎప్పుడూ దగ్గరగా చూసి ఉండదు. బంజారాహిల్స్‌కి ఆ పేరు అక్కడ ఉన్న బంజారాల వల్ల వచ్చిందంటారు. ఇవాళ అక్కడ అద్దె కట్టగలిగిన బంజారా తమ్ముడు ఎవరైనా ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి, సాయంత్రం వాళ్ళింట్లోనే భోజనం.

నవ్వారు, సరే. ఇప్పుడు చెప్పబోయేది ఒక తమ్ముడు ఒప్పుకున్నాకే చెప్తున్నాను. అశ్వారావుపేట వైపు కొండరెడ్డి అబ్బాయి. డిప్లొమా చేసి వచ్చాడు. పది రోజులు తిరిగాడు ఇంటి కోసం, నాలుగు చోట్ల కాదన్నారు. ఐదో చోట "మీరేమిట్లు" అంటే "రెడ్లమండీ" అన్నాడు. అబద్ధం అనడానికి కూడా లేదు. ముందున్న 'కొండ' ఒక్కటే వదిలేశాడు. ఓనరు ఐదొందలు తగ్గించాడు. "మనవాడే" అన్నాడు. పండక్కి పిలిచి భోజనం పెట్టారు, బొబ్బట్లు పెట్టారు, ఎవరి తాలూకు, ఎవరికి చుట్టాలు అని అడిగారు. వాడు నవ్వుతూ ఏదో చెప్పుకుంటూ వచ్చాడు. అలా ఏడు నెలలు గడిచాయి.

అప్పుడు వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ వచ్చింది. వాడు బస్టాండుకి వెళ్ళి ఆమెను దింపుకుని, తన గదికి కాకుండా మా గదికి తీసుకొచ్చాడు. ఆమె మాట వింటే, ఆమె చేతి మీది పచ్చబొట్టు చూస్తే ఓనరుకి తెలిసిపోతుందని. మాకు చెప్పింది మాత్రం "అక్కా, మా గది చిన్నది" అని. ఎనిమిది రోజులు మా దగ్గరుంది ఆమె. పొద్దున్నే లేచి మాకంటే ముందు వాకిలి ఊడ్చేది. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుని మూడో రోజు నన్నడిగింది, "మా వాడి గది ఎక్కడమ్మా? ఇంత దూరం వచ్చాను, ఒకసారి చూపించు" అని. దూరం పిన్నీ, ఎండ, కంటికి మంచిది కాదు అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆమెకు అర్థమైందనే నేను అనుకుంటున్నాను.

ఆ తమ్ముడిని నేను తప్పుపట్టను. రాత్రి ఏడింటికి సామాను భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడ్డవాడికి ఆత్మగౌరవం మీద ఉపన్యాసం ఇవ్వడం సులువు, నాకిష్టం లేదు. కానీ అద్దె లెక్కలో ఇది కూడా రాసుకోవాలి. తగ్గిన ఐదొందలకు వాడు కట్టింది ఎంత? ఇంటికి ఫోన్ చేయాలంటే వీధి చివరికి వెళ్ళేవాడు. ఊరి పిల్లలు వస్తామంటే డ్యూటీ ఉందనేవాడు. ఎండు చేపలు, ఇప్పపువ్వు సంచిలో వస్తే మా దగ్గరే ఉంచి వెళ్ళేవాడు. తర్వాత ఇల్లు మారాడు. ఇప్పుడున్న ఓనరుకి మొదటి రోజే చెప్పాడు. అద్దె ఐదొందలు ఎక్కువ. పోయిన సంక్రాంతికి వాళ్ళమ్మ వచ్చి పది రోజులుంది.

నేను ఎలా చెప్తానో చెప్తాను, పనికొస్తే వాడుకోండి. వాళ్ళు రెండోసారి అడిగే వరకు ఆగను. "మడకం మా ఇంటిపేరు ఆంటీ, కోయవాళ్ళం, చర్ల మాది. ఫలానా చోట ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇదిగో ఐడీ కార్డు, ఇది నేను ఇంతకుముందున్న ఇంటి ఓనరు నంబరు, ఒకసారి మాట్లాడండి." అన్నీ ఒక్క ఊపిరిలో. గొంతు తగ్గించి చెప్తే వాళ్ళు కూడా అది తగ్గించాల్సిన విషయమే అనుకుంటారు. పాత ఓనరు మాట చాలా పనిచేస్తుంది, అందుకే ఖాళీ చేసేటప్పుడు గొడవపడకుండా, గది కడిగి, తాళం చేతికిచ్చి రండి. పది ఇళ్ళలో మూడు చోట్ల "మా అన్న కొడుకు వస్తున్నాడమ్మా" అంటారు. ఆ అన్న కొడుకు ఎప్పటికీ రాడు, బోర్డు నెల తర్వాత కూడా అక్కడే వేలాడుతుంటుంది. పోనివ్వండి. మిగిలిన ఏడింట్లో ఇల్లు దొరుకుతుంది, కాకపోతే ఇంకో నాలుగు రోజులు తిరగాలి. ఆ నాలుగు రోజులు ఎక్కడుండాలి అనేది సంఘం చూసుకోవాల్సిన విషయం.

ఇల్లు లేదనడానికి అసలు కారణం ఇదేనని నిరూపించడం కష్టం. కానీ నలుగురి ముందు కులం పేరు పెట్టి తిడితే, అవమానిస్తే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 14566 హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్లో వేసుకోండి.

ఇల్లు దొరికాక ఆఫీసు. అక్కడ అడిగేవి వేరే. "మీరు అడవిలో ఉంటారా?" "మీది రిజర్వేషన్ కదా?" మొదటిదానికి నాకు కోపం రాదు. అవును, మా ఊరు అడవిలోనే, వచ్చే వేసవిలో రండి, తాటి ముంజెలు తినిపిస్తాను అంటాను. ఇద్దరు నిజంగానే వచ్చారు. రెండోదానికి జవాబు నోటితో చెప్పక్కర్లేదు, ఆ మనిషి చేయలేని శాంపిల్ మీరు చేసిపెట్టిన రోజు వాళ్ళే మానేస్తారు. మానకపోయినా మీ జీతం ఆగదు. మెట్రోలో మన భాషలో ఫోన్ మాట్లాడితే పక్కవాళ్ళు తలెత్తి చూస్తారు. చూడనివ్వండి. తమిళం మాట్లాడినా అలాగే చూస్తారు.

మేడారం జాతరకు సెలవు అడిగేటప్పుడు చాలామంది "ఇంట్లో ఫంక్షన్" అని రాస్తున్నారు. జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, తేదీలు నెలల ముందే తెలుస్తాయి. అప్లికేషన్లో సమ్మక్క సారలమ్మ జాతర అనే రాయండి, రెండు నెలల ముందు ఇవ్వండి. మా ల్యాబ్‌లో ఇప్పుడు మా ఇన్‌ఛార్జే అడుగుతుంది, "ఈసారి ఎన్ని రోజులు? నాకు బంగారం తెస్తావా?" అని. బెల్లం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, మా బ్యాగులో చూసి నేర్చుకుంది.

మనవాళ్ళతోనే ఉండాలా అని ఒక చెల్లెలు నిన్న అడిగింది. గదిలో మనవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటే మంచిదే, జ్వరమొచ్చిన రాత్రి తెలుస్తుంది. కానీ ఆదివారం కూడా మనవాళ్ళ గదులే తిరిగితే పదేళ్ళయినా ఈ ఊరు తెలియదు. నాకు ఈ ఉద్యోగం గురించి చెప్పింది పక్క పోర్షన్లో ఉండే నల్గొండ అక్క. ఇంట్లో ఊరిమీద బెంగ పుట్టినప్పుడు మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది, వెళ్ళి చూడండి. బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవనం 2022లో కట్టించారు, దాన్ని మీటింగులప్పుడే కాకుండా వాడుకోవాలి. పెద్దలు ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

చివరికి ఆ మెట్టు సంగతి. మేం తొమ్మిది మందిమి మూడేళ్ళుగా ఒక పని చేస్తున్నాం. నెలకు తలా మూడొందలు వేస్తాం. మన అమ్మలు పొదుపు సంఘంలో వేసినట్టే, పుస్తకం కూడా అలాంటిదే కొన్నాం. కొత్తగా ఇల్లు తీసుకునే మన పిల్లలకు అడ్వాన్సు కోసం పది వేల వరకు ఇస్తాం. వడ్డీ లేదు. నెలకు రెండు వేల చొప్పున ఐదు నెలల్లో తిరిగి కట్టాలి. ఇప్పటికి పదిహేడు మందికి ఇచ్చాం. ఇద్దరు ఇంకా కట్టాలి, వాళ్ళూ ఈ హాల్లోనే ఉన్నారు, కంగారు పడకండి, పేర్లు చెప్పను. తొమ్మిది మందితో ఇంతే అవుతుంది. ఈ సదస్సుకు వచ్చిన ఉద్యోగస్తుల్లో నలభై మంది చేరితే నెలకు పన్నెండు వేలు, అంటే ప్రతి నెలా ఒక కొత్త గది. దాంతోపాటు కోయ, గోండు, కొండరెడ్డి, నాయక్‌పోడ్, ఏ తెగ అని చూడకుండా ఇల్లిచ్చిన ఓనర్ల నంబర్లు ఒక పుస్తకంలో రాస్తున్నాం. ఇప్పటికి ముప్పై ఒక్క ఇళ్ళున్నాయి. ఎవరు ఖాళీ చేస్తున్నా ముందు అందులో రాయాలి, తర్వాతే బ్రోకర్‌కి తెలియాలి.

ఆ రెండు పుస్తకాలు భోజనాల పక్క టేబుల్ మీద పెట్టాను. చేరేవాళ్ళు పేరు, ఫోన్ నంబరు రాయండి. గది కావలసిన వాళ్ళు రెండో పుస్తకం చివరి పేజీలో రాయండి, ఎన్ని వేల వరకు కట్టగలరో కూడా రాయండి. మూసాపేటలో ఒక పోర్షన్ పదిహేనో తారీఖుకి ఖాళీ అవుతోంది, రెండు గదులు, నీళ్ళకు ఇబ్బంది లేదు, అమ్మ వస్తే ఏమీ అనరు.